ఏమీ తగ్గలేదు

నా చిన్నప్పుడు నేను రాసిన మొదటి అబద్ధం రెండే మాటలు: ఏమీ తగ్గలేదు. నీలం పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో, గద్వాలలో ఒక మెకానిక్ షెడ్డులోని నోటుబుక్కులో దాన్ని రాశాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకూ తెలియదు. ఇన్నేళ్లుగా రాసుకుంటున్న డైరీల్లో కూడా దాని చుట్టూ తిరిగానే తప్ప దాని దగ్గరికి పోలేదు.

అప్పుడు నేను ఐదో తరగతి పరీక్షలు రాసి ఎండాకాలం సెలవుల్లో ఉన్నాను. మా ఊరు ధరూరు పక్కన. ఉన్న కొద్దిపాటి చెలక భూమిని చిన్నాయనకు వదిలి, నాయన ఒక పాత పికప్ బండి కొన్నాడు. అది పెట్రోలుతోనూ నడిచేది, గ్యాసుతోనూ నడిచేది. స్టీరింగు పక్కన ఒక బొత్తాం ఉండేది. పైకి నొక్కితే పెట్రోలు, కిందికి నొక్కితే గ్యాసు. పొద్దున చల్లబడి ఉన్న ఇంజన్‌ను పెట్రోలు మీద లేపి, ఊరు దాటినాక గ్యాసుకు మార్చేవాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పల్లికాయ, పత్తి గద్వాల మార్కెట్‌కు వేసుకుపోయి, తిరిగి వచ్చేటప్పుడు ఎరువుల బస్తాలు తెచ్చేవాడు.

గ్యాసు అంటే వేరే ఏదో కాదు, మా ఇంటి వంట సిలిండరే. అట్లా వాడకూడదని అందరికీ తెలుసు, అయినా అప్పట్లో మా దిక్కు చాలా బండ్లు అట్లాగే నడిచేవి. సిలిండరు బండెక్కిన రోజు అమ్మ మళ్లీ కట్టెల పొయ్యి దగ్గర కూర్చునేది.

"నీ బండికేమో గ్యాసు, నా కండ్లకేమో పొగ," అని గొణిగేది.

"బండి బతికితెనే గదనే మనం బతికేది," అనేవాడు నాయన.

ఆ ఏడాది బండి తిండి పెరిగిపోయింది. వారం రోజులు వచ్చే సిలిండరు మూడు రోజులకే అయిపోయేది. పొద్దున స్టార్టు చేయడానికి మాత్రమే వాడే పెట్రోలు కూడా ఎటు పోతున్నదో తెలిసేది కాదు. వెనక నల్లటి పొగ. మార్కెట్ యార్డులో హమాలీలు నాయనను చూసి, "ఏమన్నా, బండిల ఇటుక బట్టి గిట్ల పెట్టినవా?" అని నవ్వేవాళ్లు. నాయన కూడా నవ్వేవాడు. ఇంటికి వచ్చినాక నవ్వేవాడు కాదు.

నేను మాట్లాడని పిల్లను. అందుకని పెద్దవాళ్లు నా ముందు ఏదైనా మాట్లాడుకునేవాళ్లు, నేను అక్కడ లేనట్టే. బండి ఇట్లాగే తింటే అమ్మేయాలని, అమ్మితే వాళ్లిద్దరూ పూణె దిక్కు పనికి పోవాలని, నన్ను కోడేరులో మా మేనత్త ఇంట్లో ఉంచాలని అనుకున్నారు. నేను అన్నం కలుపుకుంటూ అంతా విన్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

చివరి ప్రయత్నంగా నాయన బండిని గద్వాలలో రాయచూరు రోడ్డు మీదున్న మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయాడు. ఆ షెడ్డు ఒక ముసలి సాయబుది. నాయన ఆయనను చిచ్చా అనేవాడు, నేను సాయబు తాత అనేదాన్ని. ఎప్పుడో జాకీ జారి ఆయన కాలొకటి బిగుసుకుపోయింది. ఆ కాలును చాపుకునే పని చేసేవాడు. ఆయనకు చదువు లేదు. షెడ్డుకు వచ్చిన ప్రతి బండి సంగతీ ఒక నోటుబుక్కులో ఎవరో ఒకరితో రాయించుకునేవాడు. అమ్మ కూలికి పోవడంతో నేను రోజూ నాయన వెంట ఆ షెడ్డులోనే ఉండేదాన్ని. బోల్టులు చుట్టి వచ్చిన పాత పేపరు ముక్కలు చదువుతూ మూలన కూర్చున్న నన్ను చూసి, "నీకు సదువు పిచ్చుంది బిడ్డా, జర నా బుక్కు గూడ రాయి," అని పెన్ను నా చేతికిచ్చాడు. నాకు అంతకుముందు ఎవరూ అంత పెద్ద పని అప్పజెప్పలేదు.

ఆయన తొందరపడే మనిషి కాదు. ముందు టైర్లలో గాలి చూశాడు. మరునాడు బండిని కొంత దూరం తిప్పించి, నా చేతిని పట్టుకుపోయి వెనక చక్రానికి ఆనించాడు. చుర్రుమంది. బ్రేకులు వదలకుండా చక్రాన్ని పట్టుకునే ఉన్నాయట. "ఎనకకెల్లి ఒకడు అంగి పట్టి గుంజుతుంటె ఎవడన్న ఉరుకుతడా?" అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. గాలి వడగట్టే జల్లెడ తీసి దులిపితే దోసెడు ఎర్రమన్ను రాలింది. చివరికి నాయన నడిపే తీరును కూడా వదలలేదు. "క్లచ్చు మీద కాలు పెట్టి కూసుంటవేందిరా, అదేమన్న అత్తగారింటి మంచమా?" అన్నాడు. అవన్నీ నేను వరుసగా రాశాను, ఆ చివరి మాట తప్ప.

బండి కొంచెం మెరుగుపడింది. కాని నల్లపొగ పోలేదు.

అప్పుడు సాయబు తాత సీసా పరీక్ష పెట్టాడు. ఇంజన్‌కు పెట్రోలు తీసుకుపోయే పైపును ట్యాంకు దగ్గర విప్పి, దాన్ని సీటు పక్కనుంచి పైకి తీసి, ఒక గాజు సీసాలోకి దించాడు. సీసాలో పెట్రోలు పోసి, అది ఎంతవరకు ఉందో అక్కడ ఒక రబ్బరు బ్యాండు వేశాడు. మూతికి గుడ్డ కుక్కాడు. సీసాను నా మోకాళ్ల మధ్య పెట్టి, దారిలో అవసరం పడితే ఉంటుందని ఇంకో సీసా పెట్రోలు గోనెపట్టాలో చుట్టి నా కాళ్ల దగ్గర ఉంచాడు.

"ఇప్పుడు గ్యాసు మీద తోలు. గ్యాసు మీద నడిచేటప్పుడు ఈ సీసలకెల్లి ఒక్క చుక్క గూడ పోవొద్దు. పోయిందంటె దోషమున్నట్టె," అని నాయనకు చెప్పాడు.

"ఇంకో దోషం ఎల్లిందంటె నాతోని కాదు చిచ్చా. ఇగ అమ్ముకునుడే," అన్నాడు నాయన.

నాకు అర్థమైంది ఇంతే. సీసాలో తగ్గితే బండి పోతుంది, తగ్గకపోతే ఉంటుంది.

గద్వాల నుంచి ధరూరు దారి పట్టాం. నాయన ముందుకు చూస్తూ నడుపుతున్నాడు. నేను సీసాను చూస్తున్నాను. మొదట ఏమీ కనిపించలేదు. కొంత దూరం పోయినాక రబ్బరు బ్యాండుకు, పెట్రోలుకు మధ్య సన్నటి సందు ఏర్పడింది. నా చిటికెన వేలంత. తర్వాత రెండు వేళ్లంత. సీసాను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను, పట్టుకుంటే ఆగుతుందేమోనని. ఆగలేదు. తిరుగు దారిలో మూడు వేళ్లయింది.

అప్పుడే మేకల మంద అడ్డం వచ్చింది. నాయన బండి ఆపి, ఇంజన్ నడుస్తుండగానే, వెనక తలుపు గొలుసు వదులైందని దిగిపోయాడు. నేను కిందికి వంగి రెండో సీసా తీశాను. మూతికి కుక్కిన గుడ్డ లాగి, మొదటి సీసాలోకి పోశాను. సరిగ్గా రబ్బరు బ్యాండు దగ్గరికి వచ్చేదాకా పోసి ఆపాను. కొంత నా లంగా మీద ఒలికింది. మేకలు దాటాయి, నాయన ఎక్కాడు. షెడ్డు అక్కడికి ఎంతో దూరం లేదు.

సాయబు తాత సీసాను ఎండకు ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఎంత తగ్గింది, రాయి బిడ్డా," అన్నాడు. నేను రాశాను. చదవమన్నాడు. చదివాను.

ఇప్పుడు నాయన నవ్వుతాడని ఆయన ముఖం చూశాను. సాయబు తాత మాత్రం చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. "గ్యాసు మీదున్నప్పుడు పెట్రోలును ఆపే వాల్వొకటుంటది. గది మంచిగ లేదేమో అనుకుంటి. గదైతె చిన్న పని. కాదంటున్నది సీస. ఇగ ఇంజనే అరిగినట్టు. మొత్తం ఇప్పాలె."

నాయన అక్కడే ఒక పాత టైరు మీద కూలబడ్డాడు. ఇంజన్ విప్పించే స్తోమత మాకు లేదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

అప్పుడు నాకు తెలిసింది, నేను చేసింది ఏమిటో. తగ్గడమే మంచిదట. తగ్గి ఉంటే చిన్న పనితో పోయేదట. నోరు తెరవాలనుకున్నాను. ఎవరైనా నా వంక చూసి ఏమైందని అడిగితే చెప్పేదాన్నేమో. మాట్లాడని పిల్లను ఎవరు అడుగుతారు? ఇంటికి పోయి లంగా నేనే ఉతుక్కున్నాను. రెండుసార్లు ఉతికినా వాసన పోలేదు.

మూడో రోజు రాయచూరు వైపు నుంచి ఒకాయన వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, కన్నడలో "ఆయ్తు, ఆయ్తు", సరే సరే అని తల ఊపి, తమలపాకులో బయానా డబ్బులు పెట్టి నాయన చేతికిచ్చాడు. నాయన అందుకున్నాడు. ఎల్లుండి వచ్చి బండి తోలుకుపోతానని ఆయన వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున్నే షేర్ ఆటో దిగి, బిగుసుకుపోయిన కాలును ఈడ్చుకుంటూ సాయబు తాత మా ఇంటికి వచ్చాడు. చేతిలో పానా ఉంది. ఎవరినీ పలకరించకుండా నేరుగా బండి దగ్గరికి పోయి వాల్వు విప్పాడు. కాసేపటికి అరచేయి తెరిచి నాయనకు చూపించాడు. అందులో కందిబేడంత నల్లటి రబ్బరు ముక్క ఉంది. ఒక పక్క తినేసినట్టు అరిగిపోయింది.

"గిదేరా నీ బండి రోగం. గ్యాసు మీద పోతున్నా, దీని సందులకెల్లి పెట్రోలు గుంజుతనే ఉంది. రెండూ ఒక్కసారే కాలవట్టె."

"మరి సీసల తగ్గలేదంటివి గద చిచ్చా?"

"పొద్దుగాల పానాలు కడుగుదామని ఆ రెండో సీస తీస్తే..." అని మొదలుపెట్టిన సాయబు తాత, గడపలో నిలబడ్డ నన్ను చూసి ఆగాడు. ఆ చూపులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. నాయన వైపు తిరిగి, "నాదే తప్పు. ఆ దినం పైపు సక్కగ పెట్టలె. ముసలోన్నైతిని, కండ్లు కనబడుతలేవు," అన్నాడు.

నాయన అంతకుముందు ఆయన మీద గొంతెత్తగా నేను చూడలేదు. "ఇన్నేండ్ల పనితనం గిదేనా? నీ గుడ్డి కండ్లకు నా బండి పాయె! కనబడకుంటె పానా పక్కకు పెట్టి ఇంట్ల కూసోరాదు?" అని అరిచాడు. పక్కింటి వాళ్లు బయటికి వచ్చారు. సాయబు తాత తల వంచుకుని అన్నీ పడ్డాడు. నేను గడప పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట. ఒక్క మాట చాలు. అది రాలేదు.

అమ్మ ఏడుస్తూ, "ఆయనకు కాదని చెప్పు. బయానా వాపసియ్యి," అంది.

"ఆకుల పెట్టి ఇచ్చిండు, అందుకున్న. అప్పుడు పనికిరాదని అమ్మి, ఇప్పుడు మంచిగైందని కాదంటె నేను మనిషినేనా?" అన్నాడు నాయన. మా దిక్కు ఆకులో బయానా తీసుకుంటే వస్తువు పోయినట్టే. దాన్ని వెనక్కి ఇచ్చినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

సాయబు తాత జేబులోంచి కొత్త రబ్బరు తీసి, అమ్మిన బండే అయినా, దాన్ని బిగించాడు. నాయన స్టార్టు చేసి గ్యాసుకు మార్చాడు. దిగి వెనక్కి వచ్చి, భుజం మీది తెల్ల తువ్వాలును పొగగొట్టం వెనక పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. తువ్వాలు తెల్లగానే ఉంది.

మరునాడు బండి రవ్వంత పొగ కూడా వదలకుండా మా వీధి దాటిపోయింది.

నన్ను కోడేరులో దింపడానికి నాయన, నేను బయలుదేరిన రోజు, గద్వాలలో షెడ్డు ముందు నుంచే నడిచిపోయాం. నాయన లోపలికి రాలేదు, రోడ్డు మీదే నిలబడ్డాడు. సాయబు తాత నన్ను చేత్తో పిలిచాడు. నోటుబుక్కు తెరిచి ఆ పేజీ తీశాడు. చదువు రాని మనిషి, ఆ పేజీని ఎట్లా గుర్తుపట్టాడో.

"ఈడ ఏం రాసినవో సదువు," అన్నాడు. చదివాను. ఏడుపు ఆపుకుంటూ, అక్కడే ఉన్న పెన్ను తీసి ఆ రెండు మాటలను కొట్టేయబోయాను. ఆయన ఆయిలు మరకల చేతిని వాటి మీద పెట్టి అడ్డుకున్నాడు.

అమ్మానాయనలు పూణెలో నాలుగేళ్లున్నారు. వాళ్లు తిరిగి వచ్చేసరికి ఆ షెడ్డు లేదు, ఆయనా లేడు. సాయబు తాత మాట వస్తే నాయన ఇప్పటికీ, "మంచోడే గని, పాపం, కండ్లు పోయినయి," అంటాడు. నేను అప్పుడు కూడా నోరు తెరవను. లేచి లోపలికి పోతాను. నాయన చదవడు. ఇది ఎవరైనా చదివి వినిపిస్తే వినిపించనీ.

ఆ రోజు నుంచి నేను రాసుకునే ఏ పుస్తకంలోనూ కొట్టివేత లేదు. తప్పు రాస్తే, సిగ్గుపడే మాట రాస్తే, దాన్ని అట్లాగే ఉంచి కింద ఇంకో వాక్యం రాస్తాను. షెడ్డు నోటుబుక్కులో ఆ రెండు మాటల కింద 'మూడు వేళ్లు తగ్గింది' అని నా రాతలోనే ఉండేది. అది రాసేముందు, కాగితం మీద నుంచి చేయి తీస్తూ, సాయబు తాత నాతో అన్నవే ఆఖరి మాటలు.

"కొట్టెయ్యకు బిడ్డా. దాన్ని గట్లనే ఉండనీ. ఎంత తగ్గిందో, కింద రాయి."