మూల కుర్చీలో మనిషి

ఆఫీసులో ఆమెను అందరూ గాలమ్మ అనేవారు. భవనం కట్టకముందే దాని గదుల్లో గాలి ఎలా తిరుగుతుందో, ఎక్కడ ఉక్కపోస్తుందో కంప్యూటర్లో లెక్కగట్టి చెప్పడం ఆమె పని. "దెయ్యమమ్మ అనలేదు, అంతే చాలు" అని నవ్వేసేది.

మొదట్లో ప్రతి గదికీ ఫ్యాన్లు, కిటికీలు, మనుషుల ఒంటి వేడి అన్నీ కొత్తగా అమర్చుకునేది. తల ప్రాణం తోకకొచ్చేది. చనిపోయిన సీనియర్ ఇంజనీరు అన్నీ ముందే అమర్చి దాచిన సెటప్ ఫైలు ఒకటి దొరికాక పని పరుగందుకుంది. గది ఆకారం మారిస్తే చాలు, మిగతా అమరికంతా దానంతటదే సర్దుకునేది. మేనేజరు ముఖం వెలిగిపోయింది.

ఒక్కటే చిక్కు. ఏ గదిలో వాడినా, కిటికీ పక్క మూలలో ఒక మనిషి కూర్చున్నంత వేడి కనిపించేది.

"అది ఆ పోయిన పెద్దాయన పెట్టిందేనమ్మా," అన్నాడు నక్షలు గీసే ముసలి డ్రాఫ్ట్స్‌మన్. "ఎందుకండీ అంటే, ఆ మూల ఖాళీ అనుకోకు అనేవాడు. అంతకుమించి నోరు విప్పేవాడు కాదు."

"ఎవరూ లేనిచోట మనిషేంటి బాబాయ్, చాదస్తం కాకపోతే!"

గాలమ్మ ఆ మనిషిని తీసేసి, సెటప్‌ను మళ్ళీ సేవ్ చేసింది.

దాంతో చేసిన మొదటి పని, ఓ ఆస్పత్రిలో రోగులు వేచి ఉండే గది. తెరిచిన కొద్దిరోజులకే మూల ఉక్కగా ఉందని ఫిర్యాదు. గాలమ్మే థర్మామీటరు పట్టుకుని వెళ్ళింది. మధ్యాహ్నం విరామం, గదిలో ఎవరూ లేరు. ఎండ పడటం లేదు. కుర్చీలన్నీ చల్లగా ఉన్నాయి, మూలది తప్ప. దానిమీద అరచెయ్యి ఆనించింది. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు వెచ్చగా ఉంది. చల్లారుతుందేమోనని చాలాసేపు చూసింది. చల్లారలేదు.

తిరిగొచ్చి, తీసేసిన మనిషిని మళ్ళీ మూలలో కూర్చోబెట్టి లెక్క నడిపింది. ఆస్పత్రిలో తీసుకున్న కొలతలతో అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

"ఏం తేలిందమ్మా?" అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్. ఆమె స్క్రీన్‌ను అతని వైపు తిప్పింది.

ఆ మూలకు ఇంకో గాలి గొట్టం వేయించాక ఫిర్యాదులు ఆగాయి. చూసిపోదామని వెళితే రిసెప్షన్ అమ్మాయి, "ఇప్పుడు హాయిగా ఉంది మేడం. కానీ ఎంత రద్దీ ఉన్నా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. కూర్చోండి అంటే, ఎవరో ఉన్నారు కదండీ అంటారు," అంది.

గాలమ్మ అటువైపు తల తిప్పకుండా, పని పూర్తయిందన్న కాగితం మీద సంతకం పెట్టి బయటపడింది.

ఉద్యోగం మానలేదు. కొత్తగా చేరినవాళ్ళకు ఆ సెటప్పే ఇచ్చేది. ఏం మార్చుకున్నా సరే, మూల మనిషి జోలికి మాత్రం పోనిచ్చేది కాదు. సొంత ఇంట్లో కిటికీ పక్క మూలలో నిలువెత్తు బీరువా పెట్టించింది.

"వెలుతురొచ్చే చోటు కదే, కుర్చీ వేసుకోవచ్చుగా?" అంది అక్క.

"వద్దక్కా," అంది గాలమ్మ. "అక్కడ కుర్చీ వద్దు."