నలభై ఒక్క రోజుల మడి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి బడంగ్‌పేట్ దాకా ఎన్ని స్లాబుల మీద నీళ్ళు నిలబెట్టాడో సీతారాములుకే తెలియదు. మీర్‌పేట్‌లో తాత వరి మడులు కట్టిన చోట కాలనీలు లేచాయి. సీతారాములు ఆ కాలనీల నెత్తిన మడులు కట్టే పనిలోకి దిగాడు. కొత్తగా పోసిన స్లాబు మీద చిన్న చిన్న గట్లు వేసి నీళ్ళు నింపడం, ఎండితే మళ్ళీ నింపడం, అంతే పని. సిమెంటు గట్టిపడాలంటే నీళ్ళు తాగాలి. రెండు వారాలు చాలని ఇంజనీర్లు అంటారు. వాళ్ళదేం పోయింది! సీతారాములు లెక్క మండలం. అయ్యప్ప మాలకైనా, స్లాబుకైనా నలభై ఒక్క రోజులు.

"నీళ్ళెక్కువైతే బలమెక్కువైతది గానీ తక్కువైతదా?" అని ఆయన అడిగితే బదులు చెప్పగల మేస్త్రీ ఈ చుట్టుపక్కల లేడు.

అలాంటి మనిషి మృదుల మేడమ్‌కు దొరికాడు. ఎల్బీనగర్ అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆవిడ పాఠాలు చెబుతుంది. బూడిద ఇటుకలతో గోడ కట్టి, సున్నంలో వేపపిండి కలిపి పూస్తే ఇల్లు చల్లగా ఉంటుందని, దోమలూ చేరవని ఆవిడ నమ్మకం. అది తేల్చడానికి కాలేజీ వెనక రెండు గదులున్నాయి. ఒకటి మామూలు సిమెంటుతో కట్టిన పాతది, ఇంకొకటి వేపపూతతో కట్టిన కొత్తది. రోజూ పొద్దున్నే పిల్లలు రెండింట్లోనూ దోమలు లెక్కపెడతారు. కొత్త గది స్లాబుకు నీళ్ళు పెట్టడం సీతారాములు వంతు.

నలభై ఏళ్ళ పనిలో ఆయన్ని "గారూ" అని పిలిచింది ఈవిడొక్కతే. ఆ ఒక్క మాటకే మనిషి పొంగిపోయాడు. "రెండు వారాలు చాలండీ" అని ఆవిడంటే బుద్ధిగా తలూపి, ఆవిడ అటు వెళ్ళగానే నిచ్చెనెక్కి మళ్ళీ నింపేవాడు. మేడమ్ గదికి కాకపోతే ఇంకెవరి గదికి చేస్తాం మండలం!

తీరా చూస్తే కొత్త గదిలోనే దోమలు ఎక్కువ. వారం వారం పెరుగుతున్నాయి. మేడమ్ మొహం చూడలేకపోతున్నాడు సీతారాములు.

"సోమవారం మన లెక్కలు చూడ్డానికి కమిటీ వస్తోంది సీతారాములు గారూ. వేపపూత పనిచెయ్యదని రాసిచ్చేస్తాను. నాలుగేళ్ళ కష్టం, ఏం చేస్తాం" అందావిడ శుక్రవారం పొద్దున.

అదే పూట అండాలమ్మ వచ్చింది. శుక్రవారం డ్రై డే అంటూ కూలర్లు, కుండీలు, టైర్లు బోర్లించుకుంటూ తిరిగే దోమల విభాగం మనిషి. ఎవరింటి కూలర్లోవో కాసిని నీళ్ళు గాజు సీసాలో పట్టుకొచ్చి పిల్లలకు చూపిస్తోంది.

"గీ పురుగులు చూడుండ్రి. తలకిందులు యాలాడుతున్నయా? ఎనిమిది రోజులాగితే రెక్కలొస్తయ్. గివే దోమలు."

సీతారాములు కూడా తొంగి చూశాడు. ఆ పురుగులతో ఆయనది నలభై ఏళ్ళ పరిచయం. ఏ స్లాబు మీద చూసినా ఉండేవి. నీళ్ళపురుగులు, పాపం వాటి మానాన అవి బతుకుతున్నాయి అనుకుని మీదనుంచే నీళ్ళు పోసేవాడు.

"పైన నీళ్ళేమన్న ఉన్నయా అన్నా?" అని అడిగింది అండాలమ్మ.

"లేవు చెల్లె" అనేశాడు. మాట దానంతటదే జారింది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఇక్కడ నిజం సీతారాములుకూ తెలుసు, అదే వచ్చిన చిక్కు. నోరు విప్పితే నలభై ఏళ్ళ పేరు పోతుంది. విప్పకపోతే మేడమ్ నాలుగేళ్ళ కష్టం పోతుంది. ఇంతలో ఇంకో సంగతి గుర్తొచ్చింది. పోయిన వానాకాలం ఆయన భార్య సోమమ్మకు డెంగీ వచ్చింది. దవాఖానలో ఆరు రోజులు, ప్లేట్‌లెట్లు పడిపోయి, ఉంటుందో పోతుందో తెలియని ఆరు రోజులు. అప్పుడాయన తమ ఇంటి వెనకే లేస్తున్న కొత్త ఇంటి స్లాబుకు మండలం చేస్తున్నాడు. అది మరిచి, పక్కింటి కుసుమకుమారి గారి పూలకుండీల వల్లే వచ్చిందని గల్లీ అంతా వినేలా ఆవిణ్ణి తిట్టాడు. ఆనాటి నుంచి ఆ ఇంటితో మాటల్లేవు.

"మేడమ్" అన్నాడు. "మీ గోడ మంచిగనే ఉన్నది. దోమలు నావి. పైన మడులల్ల పెంచిన, ఎర్క లేక."

మేడమ్ కొంగు దోపుకుని నిచ్చెనెక్కింది. చాలాసేపు దిగలేదు. సీతారాములు తల వంచుకుని నిలబడ్డాడు. పైనుంచి నవ్వు వినిపించింది.

"దోమల్ని నెత్తిన పెట్టుకుని లోపల లెక్కపెడుతున్నానా నేను! నిచ్చెన ఎక్కి చూడాలని ఒక్కసారీ తోచలేదండీ నాకు!"

మడులు తెంపేశారు. కమిటీని ఇంకో రెండు నెలలు ఆగమని మేడమ్ ఫోన్ చేసింది. లెక్క మళ్ళీ మొదటి నుంచి. వేప గెలుస్తుందో లేదో ఇంకా తేలలేదు గానీ, ఓడిపోయిందని మాత్రం ఎవరూ రాయలేదు.

సాయంత్రం సీతారాములు ఇంటికెళ్ళి సోమమ్మకు అంతా చెప్పాడు. ఆమె బియ్యం ఏరడం ఆపి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అయితే నన్ను సంపబోయింది నువ్వేనన్నట్టు" అంది. తర్వాత నవ్వు ఆపుకుని, "నాకు చెప్పుడు కాదు. గామెను నలుగుర్ల తిట్టినవు. పోయి గామెకు చెప్పు, పో" అంది.

ఆ పూటే, ఏడాది తర్వాత మళ్ళీ, సీతారాములు పక్కింటి గేటు కొట్టాడు. కుసుమకుమారి గారు తలుపు తీసి బిత్తరపోయింది. ఆయన నిలబడ్డచోటే చెప్పేశాడు. సోమమ్మ జ్వరం మీ కుండీల వల్ల కాదమ్మా, నా మడుల వల్ల, నన్ను మాఫ్ చెయ్యమన్నాడు.

ఆవిడ వెనక వరండా అంతా ఖాళీగా ఉంది, ఒక్క మొక్క కూడా లేదు.

"మీరు అరిచిన వారమే అన్నీ తీసేశానండీ" అంది, గేటు పట్టుకుని. "సోమమ్మ గారు గల్లీలో కనబడితే తల దించుకుని పోయేదాన్ని. ఆవిడకా జ్వరం తెచ్చింది నేనే అనుకుంటున్నానండీ ఇన్నాళ్ళూ."