సెన్సార్ లేని షట్టర్

నారాయణగూడలో బస్సెక్కాను. నగరంలో సగం జనం బస్సులో ఉంటే, మిగతా సగం నా కాలి మీద ఉన్నారు. పక్క సీటాయన ఒడిలో పనిముట్ల సంచి ఉంది. దుకాణాల మోటారు షట్టర్లు బాగుచేస్తాడట.

"అశోక్‌నగర్‌లో మా షాపుకీ మోటారు షట్టరే. చీమ అడ్డొచ్చినా సగంలో ఆగేది. సెన్సార్ తీయించి డైరెక్ట్ చేయించాను. ఇప్పుడు పట్టపుటేనుగులా దిగుతోంది" అని గొప్పలు పోయాను.

"దిగుతది సార్. కింద ఎవరున్నా దిగుతది" అంటూ సంచి కింది నుంచి కుడిచేయి తీశాడు. రెండు వేళ్లే ఉన్నాయి.

"ఆ షట్టర్ డైరెక్ట్ చేసిన తలమాసినవాడెవడు?" అని అడిగాను.

"నేనే. సేటు తొందరవెడితే చేసిన. రెండు నెలలకు మోటరు ఖరాబైతే మళ్ల నన్నే పిలిచిండు. పని అయినంక ఆగుతదా లేదా అని చెయ్యి అడ్డం పెట్టి చూస్తం. డైరెక్ట్ చేసింది యాది మరిచిన. మీది జర మార్పియ్యుండ్రి సార్."

రేపే మార్పిస్తానన్నాను. ఆయన చిక్కడపల్లిలో దిగిపోయాడు.

ఏడాదైంది. సెన్సార్ ఇంకా పెట్టించలేదు. షట్టర్ దిగేటప్పుడు మాత్రం నా చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుంటాను. కింద సామాను జరిపేది మా గుమాస్తా.