వెనక సీట్లో మామకు వినిపించిన చప్పుడు

మొన్న సోమవారం పొద్దున మా మామ చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఒరిగి అలాగే పోయారు. డాక్టర్ వచ్చి చూసి, ప్రాణం లేదన్నాడు. మామే ఉంటే ఇంకో డాక్టర్‌కు కూడా చూపించమనేవారు.

మామ దేన్నీ ఒక్కసారికి నమ్మేవారు కాదు. ఎరువు బస్తా తెస్తే, ఎవరైనా విప్పి మళ్లీ కుట్టారేమోనని దారం లాగి చూసేవారు. ఖానాపూర్ చర్చిలో ప్రార్థనకు అందరం కళ్లు మూసుకుంటే, ఆయన ఒక కన్ను గుమ్మం దగ్గరి చెప్పుల మీద ఉంచేవారు. అదేమిటని అడిగితే, "దేవుని నమ్ముత బిడ్డా. వచ్చినోళ్లందర్ని నమ్ముమని ఆయన చెప్పలే" అన్నారు.

నా భర్త మస్కట్‌లో పనిచేస్తారు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు ముదిరాక, చర్చికి పోవడానికని కరీంనగర్‌లో ఒక పాత కారు కొన్నాం. నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. మామకు కారు అమ్మినవాడి మీద అనుమానం, దానికున్న వెడల్పాటి మెరుపు చక్రాల మీద అనుమానం, అన్నిటికంటే నా డ్రైవింగ్ మీద అనుమానం.

మొదటి ఆదివారమే వెనక సీట్లో మామ, అత్తమ్మ, ఆడబిడ్డ కూర్చున్నారు. స్పీడ్ బ్రేకర్ దిగగానే మామ ఆపమన్నారు.

"ఎనుక ఏందో గీస్కపోతున్నది. నీకు ఇనవడ్తలేదా?"

అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకున్న నాకు ఏమీ వినిపించలేదు. మర్నాడు ఒక్కదాన్నే నడిపి చూశాను. చప్పుడు లేదు. నిర్మల్‌లో మెకానిక్ కూడా ఒక చుట్టు తిప్పి, బండి బాగానే ఉందన్నాడు.

తర్వాత ప్రతి ఆదివారం అదే మాట. కోడలు కారు నడపడం ఇష్టం లేక చప్పుడు కల్పిస్తున్నారేమోనని నాకూ అనుమానం పుట్టింది. ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాను.

"మామా, నేను బండి నడుపుడు మీకు ఇష్టం లేదా?"

ఆయన లేచి చేతికర్ర అందుకున్నారు. "ఇష్టం లేకుంటే ఎక్కకపోదును. అబద్ధం చెప్తున్న అనుకుంటున్నవా? అందర్ని ఎక్కించుకొని మెకానిక్ దగ్గరికి నడువు."

అలాగే పోయాం. మెకానిక్ ముందు సీట్లో కూర్చున్నాడు. ఏసీ ఆపి, అద్దాలు దించి గతుకుల దారి పట్టాను. గర్రుమని చప్పుడు. ఈసారి అందరం విన్నాం. దిగి చూస్తే వెనక టైరు బయటి అంచు కోసుకుపోయి ఉంది.

"రిమ్ము కంపెనీదాని కంటే ఒక ఇంచు వెడల్పున్నది. సగం లోపలికి పోయింది, సగం బయటికచ్చింది. అది చాలదన్నట్టు దీనికి ఆఫ్‌సెట్ తక్కువున్నది" అన్నాడు మెకానిక్.

"అంటే?" మామ గొంతులో అనుమానం.

"చక్రం నడుమ గీత నుంచి బోల్టులు బిగించే కాడికి ఉండే దూరం. కంపెనీ పెట్టినదాని కంటే అది తగ్గితే చక్రం మొత్తం బయటికి జరుగుతది. ఒక్కలే ఉంటే తెల్వది. ఎనుక మనుషులు కూసుంటే బండి కిందికి దిగి మడ్‌గార్డ్ టైరుకు తాకుతది."

మామ నమ్మలేదు. కంపెనీ రకం రిమ్ము ఒకటి తెప్పించి, మెరుపు రిమ్ము విప్పించి, రెండూ పక్కపక్కన పడుకోబెట్టించారు. బోల్టులు బిగించే పలక ఎంత లోతులో ఉందో పుల్లపెట్టి స్వయంగా కొలిచారు. అప్పుడు గానీ తల ఊపలేదు.

మామూలు చక్రాలు బిగించుకొని ఇంటికి వచ్చాం. దారిపొడుగునా ఆయన అద్దం దించి, చెవి బయటికి పెట్టి కూర్చున్నారు. వాకిట్లో కారు ఆపి అడిగాను.

"ఏమన్న ఇనవడ్డదా మామా?"

"ఇయ్యాల్టికైతే లేదు" అన్నారు.

ఈ వానాకాలంలో ఒకరోజు ఆయన్ని మక్కజొన్న చేను దగ్గరికి తీసుకుపోయాను. బాట సన్నగా ఉంది, ముందంతా బురద. కారు వెనక్కి తీయాల్సి వచ్చింది. మామ దిగి బాట మధ్యలో నిలబడి, వెనక నుంచి వచ్చే ట్రాక్టర్ వైపు చేతికర్ర ఎత్తారు.

"ఆగుండ్రి. మా కోడలు బండి ఎనుకకు తీస్తున్నది."

ట్రాక్టర్ ఎంత దూరంలో ఉందంటే, నడిపేవాడికి ఆ మాట వినపడే వీలే లేదు. అయినా అతను ఆపాడు. నేను బండి తిప్పుకొనేదాకా మామ కర్ర దించలేదు, ట్రాక్టర్ మీది నుంచి చూపు తిప్పి నా వైపు ఒక్కసారీ చూడలేదు.