సత్యవతి ఇంటి పొగలేని పొయ్యి

సత్యవతికి కోపమొస్తే చేపల గంపలు కూడా పక్కకి జరిగి దారిస్తాయని, మంగినపూడి దగ్గరి ఆ పల్లెలో ఆడవాళ్ళు ఆటపట్టించేవారు. 1994 వేసవిలో ఆ కోపానికి గట్టి కారణమే దొరికింది. ఆమె కూతురు రేవతికి ఆయాసం. పొగ తగిలితే చాలు, ఏడేళ్ళ పిల్ల ఊపిరాడక గోడ పట్టుకుని నిలబడిపోయేది. ఇంట్లో పొగ లేకుండా చూసుకోమని బందరు డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే ప్రభుత్వం సబ్సిడీ మీద పొగలేని పొయ్యిలు కట్టిస్తోందని వినగానే అందరికంటే ముందు పేరు రాయించుకుంది.

బందరు నుంచి గోవర్ధనరావు అనే కాంట్రాక్టరు మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆగ్నేయం మూల పొయ్యి కట్టించి, పొగగొట్టం కోసం తూర్పు గోడకి కన్నం పెట్టించబోయాడు.

“అటొద్దు బాబూ. మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి తిన్నగా ఆ గోడకే కొడుద్ది. పొగంతా మళ్ళీ లోపలికే వస్తది. పడమటేపు పెట్టించండి” అంది సత్యవతి.

“కాగితంలో ఇలాగే ఉందమ్మా. ఊరూరా ఇలాగే కడుతున్నాం. నువ్వు నాకు నేర్పుతావా?”

గాలి చూసి పడవ దించే ఇంటి మనిషికి గాలి సంగతి తెలియదట, ఆ పెద్దమనిషికి తెలుసట! పైగా మట్టి ఆరేదాకా పది రోజులు వెలిగించొద్దని చెబుతూనే, పొయ్యి బాగా పనిచేస్తోందన్న కాగితం మీద ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నాడు. వేయకపోతే పొయ్యి దక్కదేమోనని భయపడి వేసింది. ఆ భయానికి తర్వాత తనను తానే తిట్టుకుంది.

పదకొండో రోజు చేపలమ్ముకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరి పొయ్యి వెలిగించింది. పొగ గొట్టంలోంచి వెనక్కి తన్నుకొచ్చింది. పాత పొయ్యి పొగ కొంతైనా తాటాకు సందుల్లోంచి పోయేది, ఇది గదంతా కమ్మేసింది. రేవతిని ఎత్తుకుని బయటికి పరిగెత్తింది.

బందరు ఆఫీసుకి మూడుసార్లు తిరిగింది. మూడుసార్లూ గుమాస్తా ఆమె వేలిముద్రే తీసి చూపించాడు.

నెలయ్యాక శోభనాద్రి అనే అధికారి ఫొటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని జీపులో దిగాడు. నివేదికలో వేయడానికి ఆమె పొయ్యి ఫొటో కావాలట. పొద్దు వాలింది, గాలి జోరుగా ఉంది.

“లోపలికొచ్చి కూర్చోండి సార్, టీ పెడతాను” అని సత్యవతి ఆయన్నీ ఫొటోగ్రాఫర్నీ పొయ్యి పక్కనే పీటల మీద కూర్చోబెట్టి పుల్లలు అంటించింది. రెండు నిమిషాల్లో ఇద్దరూ దగ్గుకుంటూ వాకిట్లో పడ్డారు.

శోభనాద్రి కళ్ళు తుడుచుకుని, “వెలిగించకుండా తియ్యవయ్యా. పొయ్యి కనపడితే చాలు” అన్నాడు.

సత్యవతికి ఒళ్ళు మండిపోయింది. గునపం అందుకుంది.

“సబ్సిడీ పొయ్యమ్మా అది! పగలగొడితే మళ్ళీ ఇవ్వం, నీ పేరు కొట్టేస్తాం!”

“కొట్టెయ్యండి! రెండు నిమిషాలు కూర్చోలేక పారిపోయొచ్చారే, నా పిల్లని రోజూ అందులో కూర్చోబెట్టమంటారా?”

నాలుగు పోట్లకి పొయ్యి కూలింది. గొట్టం లాక్కొచ్చి జీపు ముందు పడేసింది.

ఆ రోజు నుంచి వంట ఆరుబయట, పడమటి గోడ చాటున మూడు రాళ్ళ మీద. వానొస్తే చద్దన్నమే. ఆ ఏడాది నివేదికలో మాత్రం అది పొగలేని పల్లె అని రాసుకున్నారు. ఆ మాట నిజమైంది ఒక్క సత్యవతి ఇంట్లోనే.