శివారు కాలవకు తప్పిన లెక్క

ఎనభైల చివర్లో నేను అమలాపురంలో ఒక ప్రైవేటు ఆఫీసులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేసేదాన్ని. ఏ కాలవకు ఎప్పుడు, ఎంత నీరు వదలాలో నీటిపారుదల శాఖకు లెక్కకట్టి ఇవ్వడం మా పని. దాళ్వాకు, అంటే రెండో పంటకు, గోదావరిలో నీళ్ళు చాలవు కాబట్టి కాలవలకు వంతులవారీగా వదులుతారు. మా కంప్యూటరు అచ్చువేసిన కాగితం మీద ప్రోగ్రాము రాసేవాళ్ళు ఒకరు సంతకం పెట్టాలి. అది చూసి లాకుల దగ్గర తలుపులు ఎత్తేవారు, దించేవారు. ఆఫీసు ఎరువుల కొట్టు మీద మేడలో ఉండేది. కింద నుంచి వచ్చే ఘాటు వాసన మెట్ల మీద అంతా ఉండేది. ఏసీ గదిలోకి వెళ్ళగానే అది పోయి కొత్త ప్లాస్టిక్ వాసన వచ్చేది.

ప్రోగ్రాములు రాసేవాళ్ళం ఇద్దరమే. నేనూ, అంతర్వేది వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడూ. వాళ్ళది పడవల మీద బతికిన కుటుంబం. మాది మిషను బడిలో చదువుకుని పైకొచ్చిన కుటుంబం. మా తాత పాలేరు, మా నాన్న టీచరు. మా ఇద్దరి మీదా ఒక ఆఫీసరుగారు. నీళ్ళ లెక్కల ప్రోగ్రాము మొదట రాసింది ఆయనే. ఆ మాట ఆఫీసుకు ఎవరొచ్చినా కాఫీ తాగేలోపు చెప్పేవారు.

నేను చేరిన కొత్తలో ఆ ప్రోగ్రాముకు పరీక్షలు తయారుచేశాను. గడిచిన పంటకాలాల వివరాలు తీసుకుని, ఇంజనీర్లు చేత్తో కట్టి సరిచూసిన జవాబులను వాటి పక్కన పెట్టాను. ప్రోగ్రాములో ఏం మార్చినా వాటన్నిటినీ మళ్ళీ నడపాలి. వచ్చిన జవాబు పాత జవాబుతో సరిపోతేనే మార్పు మంచిదని అర్థం. ఎవరూ చెయ్యమని అడగలేదు. చేశాక ఎవరూ మెచ్చుకోనూ లేదు.

ఆ ఏడాది కొత్త కంప్యూటరు వచ్చింది. మేం రాసేది మిషనుకు నేరుగా అర్థం కాదు, దాన్ని మిషను భాషలోకి మార్చిపెట్టే కంపైలర్ ఒకటి కావాలి. పాత కంపైలర్ కొత్త మిషను మీద పనిచెయ్యదని హైదరాబాదు నుంచి కొత్తది తెప్పించారు. దాళ్వా కాగితాలు కొత్త మిషను మీదే తియ్యాలని, రాజమండ్రి నుంచి నీటిపారుదల శాఖ పై అధికారి వచ్చి ప్రారంభిస్తారని ఆఫీసరుగారు అందరికీ చెప్పేశారు. పరీక్షలు ఇంకా నడపనే లేదు.

నడిపాను. చాలావరకు సరిపోయాయి. కొన్నింటిలో చివరి అంకె ఒక్కటే మారింది. కొత్త కంపైలర్ దశాంశాలు ఎక్కువ పట్టుకుంటుంది, దానివల్ల వచ్చిన తేడా అది, దానితో ప్రమాదం లేదు. కానీ మరికొన్ని మాత్రం పూర్తిగా తప్పాయి. కాలవ చివర ఉండే శివారు చేలకు రావలసిన నీటిలో సగం కూడా చూపించడం లేదు. కాగితాలను రెండు కట్టలు చేసి, ఏ తేడా ఎందుకు పరవాలేదో, ఏది పనికిరాదో పక్కన రాసి పట్టుకెళ్ళాను.

ఆఫీసరుగారు పై కాగితం ఒక్కటే చూశారు. కొత్త మిషను, కొత్త కంపైలరు, ఇంత డబ్బు పోసి కొన్నది తప్పు చెబుతుందా అన్నారు. పాత జవాబులు తీసేసి వాటి స్థానంలో కొత్త జవాబులు పెట్టమన్నారు. అప్పుడన్నీ సరిపోతాయి కదా అని నవ్వారు కూడా.

పిల్లాడు ఎక్కం తప్పు చెబితే పుస్తకంలో ఎక్కం మార్చమన్నట్టుంది. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాను.

ఇంటికి వెళ్ళి నాన్నతో చెబితే, ఆయన కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు. "పెద్దవాళ్ళతో మనకెందుకమ్మా? ఆయన చెప్పేరు, నువ్వు చేసేవు. మాటొస్తే ఆయనకొస్తుంది" అన్నారు. జీవితమంతా తలవంచుకుని బతికిన మనిషి నాకూ అదే నేర్పుతున్నాడనిపించి, ఆ పూట నాన్న మీద కూడా కోపమొచ్చింది. అన్నం ముందు నుంచి లేచిపోయాను.

మర్నాడు తప్పిన పరీక్షలన్నీ వరసగా బల్ల మీద పరిచాను. ఆ కుర్రాడిని కూడా కూర్చోబెట్టాను. చూడగా చూడగా ఒక సంగతి బయటపడింది. ఒకే కాలవ ఉన్న పరీక్షలన్నీ సరిపోయాయి. రెండు మూడు పిల్లకాలవల లెక్క ఒకదాని తర్వాత ఒకటి కట్టేవే తప్పాయి. వాటిలోనూ మొదటి కాలవ జవాబు బాగానే ఉంది. తప్పు రెండోదాని దగ్గర మొదలవుతోంది.

ప్రోగ్రాములో ఆ భాగం తీసి చేత్తో లెక్క కట్టుకుంటూ వెళ్ళాం. పై తూములు వాడుకున్న నీరు ఎంతో కూడి, మిగిలినది శివారుకు పంచే చోటు అది. కొత్త కాలవ మొదలుపెట్టేటప్పుడు ఆ కూడికను సున్నా చేసి మొదలుపెట్టాలి. ఆ లైను లేదు. అసలు ఎప్పుడూ లేదు. పాత కంపైలర్ దానంతట అది అక్కడ సున్నా పెట్టేది, అందుకే ఇన్నేళ్ళూ నడిచిపోయింది. కొత్తది పెట్టదు. ముందు కాలవ వాడుకున్న నీరు కూడా తరవాతి కాలవ ఖాతాలో పడుతోంది. అందుకే ఆ కాలవ శివారుకు సగం కూడా మిగలడం లేదు.

కంపైలర్ తప్పు కాదు, మా ప్రోగ్రాము తప్పు. ఒక్క లైను రాస్తే చాలు. నాకెంత సంతోషమేసిందో. ఆఫీసరుగారు కూడా సంతోషిస్తారనుకున్నాను. ఆ భాగం రాసింది ఆయనేనన్న సంగతి ఆ ఉత్సాహంలో నాకు తట్టలేదు.

హాల్లో టైపిస్టులు, గుమాస్తాలు, అందరూ ఉన్నారు. నేను చెబుతుంటే ఆయన ముఖం ఎర్రబడింది. కాగితాలు నా వైపు తోసేసి, అందరికీ వినపడేలా అన్నారు:

"శివారు, శివారు అని ఎందుకమ్మా నీకంత ఆరాటం? మీ వాళ్ళ చేలన్నీ అటే ఉన్నాయా ఏంటి?"

ఎవరో నవ్వారు. టైపు మిషన్లు ఆగిపోయాయి.

"మా వాళ్ళకి సెంటు భూమి లేదండి. ఆ చేలల్లో కూలికెళ్ళేరు, అంతే" అన్నాను. "పరీక్ష తప్పిందండి. నేను దాళ్వా కాగితాల మీద సంతకం పెట్టను."

ఆయన ఆ కుర్రాడి వైపు తిరిగి, నువ్వు పెట్టు అన్నారు. నాతో పాటు కూర్చుని ప్రతి అంకె చూసినవాడు, ఆ తప్పేదో వేలు పెట్టి చూపించినవాడు, "ఆయ్" అన్నాడు. అని పెన్ను తీశాడు. ఆఫీసరుగారి మాట కంటే ఆ "ఆయ్" నన్ను ఎక్కువ మండించింది.

ప్రారంభోత్సవం జరిగింది. కొబ్బరికాయ కొట్టారు, మిషనుకు బొట్టు పెట్టారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. చప్పట్లు కొట్టలేదు.

దాళ్వా మొదలైంది. కొత్త కాగితాల ప్రకారం నీళ్ళు వదిలారు. రాజోలు వైపు ఒక పిల్లకాలవ కింద, చివరి చేలల్లో నారుమళ్ళు బీటలు తీశాయి. నాలుగు డబ్బులున్నవాళ్ళు ఇంజన్లు పెట్టి డ్రెయిను నీళ్ళు తోడుకున్నారు. కౌలుకు చేసేవాళ్ళు లాకుల దగ్గరకు వచ్చి కూర్చున్నారు. లాకుల తలుపులు ఎత్తే లస్కరు పాపం ఏం చేస్తాడు, మేడ మీద నుంచి వచ్చిన కాగితం చూపించాడు. కాగితం పట్టుకుని వాళ్ళు మా ఆఫీసుకు వచ్చారు. ఒక ముసలాయన ఎరువుల కొట్టు అరుగు మీద కూలబడి, పైకి రావడానికి కూడా ఓపిక లేక, మంచినీళ్ళు అడిగి తాగాడు.

అప్పుడు ఆఫీసరుగారు నన్ను పిలిచారు. ముఖం చూడకుండా, "ఆ లైనేదో పెట్టెయ్యి" అన్నారు. పెట్టాను. పరీక్షలన్నీ నడిపాను. చివరి అంకెలు తప్ప అన్నీ సరిపోయాయి. కొత్త కాగితాలు వెళ్ళి, తలుపులు లేచేసరికి కొన్ని మళ్ళలో నారు నిలిచింది, కొన్నిటిలో పోయింది. పోయినవాళ్ళు మళ్ళీ విత్తనం తెచ్చుకున్నారు. తెచ్చుకోలేనివాళ్ళు ఆ దాళ్వాకు చేలు వదిలేశారు.

పై అధికారి రాజమండ్రి నుంచి సంగతేమిటో కనుక్కోవడానికి వచ్చారు. కొత్త కంపైలర్‌లో లోపం ఉందని, మా ఆఫీసు దాన్ని కనిపెట్టి సరిచేసిందని ఆఫీసరుగారు వివరించారు. అమ్మినవాళ్ళకు ఫిర్యాదు కూడా రాశామన్నారు. నేను లేచాను.

"కంపైలర్‌లో ఏ లోపం లేదండి. మన ప్రోగ్రాములో ఒక లైను లేదు. ప్రారంభానికి ముందే చెప్పేను."

పై అధికారి నన్ను చూశారు, ఆఫీసరుగారిని చూశారు, గడియారం చూసుకున్నారు. మీరూ మీరూ మాట్లాడుకోండి అని లేచి జీపెక్కారు.

వారం తిరక్కుండా నన్ను అంకెలు టైపు చేసే గదికి మార్చారు. ఆ కుర్రాడు ఒకసారి నా బల్ల దగ్గరకు వచ్చి, ఇంటి దగ్గర ముగ్గురు చెల్లెళ్ళున్నారండి, ఏం చెయ్యమంటారు అన్నాడు. నిజమే చెప్పాడు. అయినా నేను తలెత్తలేదు. ఆ తరవాత మా మధ్య పని మాటలు తప్ప వేరే మాటలు లేవు.

తొలకరికి ముందే రాజీనామా ఇచ్చి, రాజోలులో కంప్యూటర్లు నేర్పే చోట చేరాను. మొదటి రోజు నాన్న నాతో పాటు బస్సెక్కి అక్కడి దాకా వచ్చి, గుమ్మంలో దింపి వెళ్ళారు.

అమలాపురంలో చివరి రోజున ఆఫీసరుగారు, ఆ పరీక్షలెలా నడపాలో కాస్త రాసిపెట్టి వెళ్ళమ్మా అన్నారు. అదేదో ఆయన పెట్టిన పద్ధతి అన్నట్టే అన్నారు. రాయకుండా వెళ్ళిపోదామని చాలా అనిపించింది. ఒంటిగంటకు కూర్చుని సాయంత్రం దాకా రాశాను. పళ్ళు బిగబట్టుకునే రాశాను, అయినా ఏదీ వదలకుండా రాశాను.