బస్సులో నా కాలు నొక్కిందెవరు?

దయ్యాలూ, గాలీ ధూళీ అంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంట. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని దిష్టి తీయడానికి తయారయ్యే మా వదినతో, అంటే మా ఆయన అక్కతో, కాపురానికొచ్చిన కొత్తలోనే గొడవ పెట్టుకున్నదాన్ని. ఇది చదివి నన్నూ ఆ జట్టులో కలిపేస్తే ఒప్పుకోను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

మాది చెన్నైలో చూలై. తాతల కాలం నుంచీ ఇక్కడే. ఇంటి ముందు గదిలో మిషన్లు వేసుకుని జాకెట్లు కుడతాను. అంబత్తూరులో ఒక కంపెనీ పనివాళ్ళకి యూనిఫారాలు కూడా కుట్టిస్తాను. రోజంతా వంగి కూర్చుంటే నడుము పీకేది. మందుల షాపులో నొప్పి మాత్ర తెచ్చుకుని వేసుకునేదాన్ని. ఏళ్ళ తరబడి అదే అలవాటు, కాఫీ తాగినట్టు.

సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. మిషను తొక్కడం వల్ల అనుకున్నాను. పొద్దున లేస్తే కళ్ళ కింద వాపు. నిద్ర చాలలేదనుకున్నాను. మూత్రంలో సబ్బు నీళ్ళలా నురగ వచ్చేది. దాన్నసలు పట్టించుకోలేదు. డాక్టరుకి చూపిద్దాం రమ్మని మా ఆయన అంటే, "నాకేం రోగం?" అని ఎగిరిపడేదాన్ని.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. కొలతలు తేడా వచ్చాయని కంపెనీవాళ్ళు కొన్ని యూనిఫారాలు వెనక్కిచ్చారు. ఆ మూటతో బస్సెక్కాను. బస్సు సగం ఖాళీ. నాకు డ్రైవరు వెనకాల మొదటి సీటు దొరికింది. ఎదురుగా ఇనప రేకు తప్ప ఏమీ లేదు. మూట ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన నా ఈడుదే ఒకావిడ, టిఫిన్ క్యారియరుతో.

ఉన్నట్టుండి ఎవరో నా కుడి కాలి మీద, చీలమండకి కాస్త పైన, బొటనవేలితో నొక్కారు. పొరపాటున తగిలినట్టు కాదు. మామిడిపండు మగ్గిందో లేదో చూసినట్టు, నింపాదిగా, గట్టిగా. వేలు చల్లగా ఉంది.

"ఎవురది?" అని అరిచి, కుచ్చిళ్ళు పైకి లాగి చూశాను. కాళ్ళ దగ్గర ఎవరూ లేరు. ఎముక మీద మాత్రం బొటనవేలు పట్టేంత గుంట. ఎంతకీ పూడటం లేదు.

"తెలుగోళ్ళా అక్కా? ఏమైంది?" అంది పక్కనావిడ.

"ఎవురో నా కాలు నొక్కినారు."

ఆమె వంగి చూసింది. కుచ్చిళ్ళు జారకుండా మూట కింద అదిమిపెట్టి, రెండు చేతులూ మూట మీదే పెట్టుకున్నాను. అప్పుడు ఎడమ కాలికి అదే చల్లదనం తగిలింది. మేమిద్దరం చూస్తుండగానే చర్మం తెల్లబడి, లోపలికి దిగింది.

నాకు భయం కంటే కోపం ముందొచ్చింది. "ఎవురైనా సరే, ఎదురుగా రా చూద్దాం!" అని కేకేశాను. కండక్టరు "ఎన్నమ్మా ఆచ్చు?" అని, ఏమైందమ్మా అని తమిళంలో అడుగుతూ వచ్చి, సీటు కింద చూసి, నా వంక అదోలా చూసి పోయాడు.

పక్కనావిడ మొహంలో నెత్తురు లేదు. అయినా నా చెయ్యి పట్టుకుని ఒక మాట చెప్పింది. "అక్కా, ఎవురు నొక్కినారో నాకు తెలీదు. ఆ గుంట మాత్రం నాకు తెలుసు. మా ఇంటాయన కాళ్ళూ ఇట్టే ఉండె. ఆయన పట్టించుకోలా. ఇప్పుడు డయాలసిస్. ఈ క్యారియరు ఆడికే పోతా ఉండాది. నువ్వు రేపే రక్తం, మూత్రం చూపించుకో."

"నాకేం లేదమ్మా," అన్నాను.

"ఆయనా అదే అన్నాడు," అంది. దిగే ముందు తన పేరు విజయ అని చెప్పి, ఫోను నంబరిచ్చింది.

ఇంట్లో చెప్పగానే వదిన తాయెత్తు కట్టించుకుందాం పదమంది. నిజం చెప్పాలంటే, ఆ తాయెత్తు తప్పించుకోవడానికే ఆస్పత్రికి పోయాను.

బీపీ బాగా ఎక్కువగా ఉంది. మూత్రంలో ప్రోటీను పోతోంది. రక్తంలో క్రియాటినిన్ అనే చెత్త పెరిగింది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. వెన్నెముకకి అటొకటి ఇటొకటి, పిడికిలంత కిడ్నీలు. రక్తాన్ని వడకట్టి, చెత్తనీ ఎక్కువైన నీటినీ బయటికి పంపుతాయి, ప్రోటీనుని లోపలే ఆపుతాయి. ఆ వడపోత దెబ్బతింటే ప్రోటీను కారిపోయి నురగ వస్తుంది, ఉప్పూ నీరూ ఒంట్లో నిలిచి కాళ్ళు ఉబ్బుతాయి. బీపీ కిడ్నీని చెడగొడుతుంది, చెడిన కిడ్నీ బీపీని ఇంకా పెంచుతుంది. చాలామందికి బాగా పాడయ్యేదాకా నొప్పే తెలీదట.

"మరి నా నడుం నొప్పి?"

"అది కండరాలదమ్మా. దానికోసం మీరు మింగిన మాత్రలే కిడ్నీలకి చేటు చేశాయి."

"ఏదీ నొక్కకుండా కాలి మీద గుంట పడుతుందా?"

"పడదు. ఏదో ఒకటి నొక్కాలి. సాక్సు పట్టీ గానీ, చెప్పు పట్టీ గానీ." బస్సెక్కిన రోజు నా కాళ్ళకి హవాయి చెప్పులే, వాటి పట్టీ చీలమండ దాకా రాదు.

నొప్పి మాత్రలు మానేశాను. బీపీ మందు వేసుకుంటున్నాను. ఊరగాయ, అప్పడాలు కంచంలోకి రానివ్వను. కిడ్నీలో రాళ్ళు కరుగుతాయని వదిన అరటిదూట రసం తెస్తే, "నాకుండేది రాళ్ళు కాదు వదినా" అని తిప్పి పంపాను. బిందెలు బిందెలు నీళ్ళు తాగమన్న ఎదురింటావిడకీ, నాకు నీళ్ళు కూడా డాక్టరు చెప్పినంతే అని గట్టిగానే చెప్పాను. కిడ్నీ పాడైపోయినంత మేర తిరిగి రాదట. ఉన్నది కాపాడుకోవచ్చట. కాపాడుకుంటున్నాను. మిషను మాత్రం ఆపలేదు, ఆపను కూడా.

మొన్నీమధ్య పురసవాక్కంలో బట్టల కొట్ల దగ్గర విజయ కలిసింది. పక్కకి పిలిచి అడిగాను. "నిజం చెప్పు, నా చెయ్యేమైనా నా కాలి మీద పడిందా?"

"లేదక్కా. రెండు చేతులూ మూట మీదే ఉండె." మెల్లగా అంది. "ఇంకోటి కూడా చూసినా. ఎడమ కాలికి గుంట పడినప్పుడు, పిక్క మీద నాలుగు చారలు పడె. మిగతా వేళ్ళతో పట్టుకున్నట్టు. నువ్వు బెదురుతావని చెప్పలా."

ఆ వేళ్ళు చనిపోయిన మా అత్తగారివే అంటుంది వదిన. నేను ఒప్పుకోను. దయ్యమన్నా ఒప్పుకోను, దేవతన్నా ఒప్పుకోను. పోనీ, ఏమీ జరగలేదందామంటే విజయ ఉంది, చూసింది. అందుకే ఎవరడిగినా నాకు తెలీదనే చెప్తాను. ఎంత ఆలోచించినా, ఈ రోజుకీ తెలీదు.